బలపరిచిన సంతకం

ఆ కాగితాన్ని ఆయన నాలుగోసారి చదవడం మొదలుపెట్టేసరికి ఆమె ఇక ఆగలేకపోయింది.

“అది నా సంతకమే,” అంది.

ఆయన తల ఎత్తలేదు. వేలు మాత్రం ఆ వరుస మీదే నిలిచిపోయింది. తెరచాప పడవల జాతీయ సమాఖ్య అధ్యక్ష పదవికి వచ్చిన నామినేషన్లు రెండు. మొదటిది ఆయనది. పన్నెండేళ్లుగా ఎదురన్నది లేకుండా వేస్తున్నదే. రెండోది కోడలిది. కోడలు పోటీకి దిగుతుందన్న సంగతి ఇంట్లో కొత్త కాదు. దాని మూలంగా వారం రోజులుగా తలుపులు ధడేలుమంటూనే ఉన్నాయి. ఆయనకు తెలియనిదల్లా ఆ రెండో వరుసలో చివరి గడి.

ప్రతిపాదించినవారు, తెరచాపలు కుట్టే షెడ్డు యజమాని. బలపరిచినవారు, అధ్యక్షుడి భార్య.

పడవల క్లబ్బుల్లో ఆమె చిన్నా పెద్దా అందరికీ టైమత్తయ్య. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ముగింపు గీత దగ్గర స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంటోంది. ఏ పడవ ఏ నిమిషం, ఏ సెకనుకి దాటిందో ఆమె రాస్తే అదే లెక్క. గెలిచినవాడూ ఓడినవాడూ ఆమెతో వాదించిన సందర్భం ఒక్కటీ లేదు. ఆయన మాత్రం ఇంటా బయటా ప్రెసిడెంటుగారే.

“నాకు మాటమాత్రం చెప్పలేదు,” అన్నారు ప్రెసిడెంటుగారు.

“అడిగితే చెప్పేదాన్ని. ఇన్నేళ్లూ ఇక్కడ పెట్టు అని వేలితో చూపించడమే కదా మీ అలవాటు.”

“పన్నెండేళ్లు నన్ను బలపరిచిన చెయ్యి అది.”

“ఇంటి మనిషి సంతకం ఉంటే బాగుండదని ఈసారి మీరే కోశాధికారి చేత పెట్టించుకున్నారు. నా చెయ్యి ఖాళీ అయింది.”

ఆయనకు కోపం వస్తే అరిచే అలవాటు లేదు. ముఖం గంటు పెట్టుకుని కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చుంటారు. ఎదుటివాళ్లు తమంతట తామే తప్పు ఒప్పేసుకునేదాకా అలాగే ఉంటారు. సమాఖ్య కార్యవర్గంలో సగం తీర్మానాలు ఆ మౌనంతోనే నెగ్గించుకున్నారు. ఈ టిఫిను బల్ల దగ్గర మాత్రం అది పారలేదు. ఆమె బ్రెడ్డు ముక్కకు వెన్న రాసుకుంటూ కూర్చుంది.

గొడవంతా జంటపడవల గురించి. రెండు సన్నటి పడవలను పక్కపక్కన బిగించి, నడుమ వల పరిచి, ఒకే కొయ్యకు తెరచాప ఎత్తి గాలితో పాటు ఉరికించే కాటమరాన్లు అవి. సమాఖ్యలో వాటికంటూ ఒక మండలి ఉంది. ఏ పోటీ ఎప్పుడు, ఏ పడవ ఎంత బరువుండాలి, దేశం తరఫున ఎవరు వెళ్లాలి, అన్నీ అక్కడే తేలతాయి. ఆ మండలికి కోడలు కార్యదర్శి. ప్రెసిడెంటుగారికి మొదట్నుంచీ అవంటే పడదు. నవారు మంచాలంటారు. మంచమెక్కి పందెమేమిటని పదిమందిలో నవ్విస్తారు. పోయిన నెలలో ఆ మండలిని రద్దు చేసి చిన్నపడవల కమిటీలో కలిపెయ్యాలని తీర్మానం పెట్టించారు. ఆ తీర్మానం అందిన మర్నాడే కోడలు నామినేషన్ వేసింది.

ఆయన జేబులోంచి ఇంకో కాగితం తీసి ఆమె కప్పు పక్కన పెట్టారు. అప్పటికే టైపు చేసి ఉంది. అడుగున చుక్కల గీత.

ఎన్నికల అధికారితో పొద్దున్నే మాట్లాడానని, బలపరిచినవాళ్లు సాయంత్రం నాలుగు లోపల సంతకం వెనక్కి తీసుకుంటే ఆ నామినేషన్ దానంతటదే చెల్లకుండా పోతుందని చెప్పారు. పోటీలో ఉన్న పిల్లను తగ్గమంటే పదిమందీ నవ్వుతారు. ఇదైతే ఎవరికీ మాట రాదు, కోడలి పరువూ నిలబడుతుంది. అలా మెల్లగా, పిల్లలకు లెక్క విడమరిచినట్టు చెప్పుకొచ్చారు.

“చదివాను,” అంది ఆమె. చుక్కల గీత మీద కప్పు పెట్టింది.

అప్పుడొచ్చాడు కొడుకు. అతను సమాఖ్యలో కొలతల అధికారి. పోటీకి ముందు పడవలను తూకం వేసి, తెరచాపలు కొలిచి, సరిగ్గా ఉన్నాయని ముద్ర వేస్తాడు. జేబులో ఎప్పుడూ ఒక టేపు. పుట్టినప్పటినుంచీ నోట్లో నాలుక లేని మనిషి. భార్య అటు, తండ్రి ఇటు నిలబడ్డ ఈ వారంలో ఆ ఉన్న నాలుకా లోపలికి పోయింది. అలాంటివాడు తల్లి కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, సంతకం పెట్టెయ్యమని అడిగాడు.

“నీ పెళ్లానికి ఎదురు సంతకం పెట్టమంటున్నావు. తెలుసా?”

“తెలుసమ్మా. నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు. ఇదొక్కటీ.”

కోడలు గెలిస్తే, తండ్రి కింద చేసినట్టు పెళ్లాం కింద ఉద్యోగం చెయ్యడానికి పదిమందీ ఒప్పుకోరు, ఓడితే మామగారు అతన్ని ఉంచరు. ఎటైనా ఆ ఉద్యోగం నిలిచేది కాదు. అందుకే వణుకుతున్నాడనుకుంది ఆమె. జాలేసింది. అయినా కప్పు తియ్యలేదు.

*

ఇంటి వెనక రేకుల షెడ్డులో కోడలు పడవ కింద వెల్లకిలా పడుకుని ఉంది. రెండు పడవల నడుమ వలను తాళ్లతో బిగిస్తోంది. పైనుంచి చూస్తే వల గళ్లలోంచి ఆమె ముఖం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది.

పొద్దుటి సంగతంతా చెప్పింది. కోడలు తాడు లాగడం ఆపకుండానే వింది.

“మీరు వెనక్కి తీసుకున్నా నేనలగను అత్తయ్యా. మీ ఇబ్బంది నాకు తెలీదా?”

“ఎందుకు అలగవు? అలగాలి. అలగకపోతే నీకు ఆ కుర్చీ ఎందుకు?”

కోడలు నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వల కిందనుంచి జరిగి బయటకు వచ్చి, చేతుల మట్టి ప్యాంటుకు తుడుచుకుని నేల మీదే కూర్చుంది. పది రోజులుగా అడగాలనుకుంటున్నానంది. షెడ్డు యజమాని సంతకం పెట్టాడంటే అర్థం ఉంది. ఆయన కూతురి చెయ్యి అలా అయింది కాబట్టి పెట్టాడు. మరి మీరెందుకు పెట్టారని అడిగింది.

ఆ పిల్ల సంగతి ఊరంతా ఎరిగినదే. కిందటి నెల జాతీయ పోటీల ఆఖరి రోజు. ఎప్పటిలాగే జంటపడవల పందెం అన్నింటి తర్వాత పెట్టారు. ఒంటిపడవలన్నీ వచ్చేశాక, గాలి ముదిరాక వీటిని వదిలారు. రెండో మలుపు దగ్గర షెడ్డు యజమాని కూతురు నడిపే పడవ ఒక పక్కకు ఒరిగి పడింది. జంటపడవ పడితే మొదట పక్కవాటుగా తేలుతుంది. ఆ కాసేపట్లో రెస్క్యూ బోటు వచ్చి కొయ్య చివర పట్టుకుంటే లేస్తుంది. లేకపోతే నీళ్లలోకి తలకిందులైపోతుంది. ఆ తర్వాత ఇద్దరు మనుషులు లేపలేరు. రెస్క్యూ బోటు రాలేదు. పిల్ల ముంజెయ్యి తాళ్లకూ ఇనప కడ్డీకీ మధ్య ఇరుక్కుపోయింది. ఎముక అతికింది గానీ వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

జంటపడవలకు విడిగా ఒక రెస్క్యూ బోటు కావాలని, దాని మీది మనుషులకు ఈ పని నేర్పాలని కోడలు అంతకుముందే సమాఖ్యకు మూడుసార్లు రాసింది. మూడుసార్లూ ‘పరిశీలిస్తాం’ అని జవాబు వచ్చింది.

అత్తగారు చేతిసంచీలోంచి నీలం అట్ట పుస్తకం తీసింది. ముగింపు గీత దగ్గర ఆమె సమయాలు రాసుకునేది అదే. పేజీ తిప్పి కోడలి ఒళ్లో పెట్టింది.

‘4.10. రెండో మలుపు. జంటపడవ పడింది.’ దాని కింద, ‘4.52. రెస్క్యూ బోటు చేరింది.’

కోడలు వేలితో ఆ అంకెలను తడిమింది. “సమాఖ్య ప్రమాద నివేదికలో ఎనిమిది నిమిషాలని ఉంది కదా? ఆ పిల్ల చాలాసేపని చెప్తే, భయంలో అలా అనిపించిందన్నారు.”

“ఉంది. దాని కింద, సమయం నమోదు చేసినవారు అని నా పేరూ ఉంది.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “ముప్ఫై ఒక్క ఏళ్లు. నాకు జ్వరం వచ్చినా, మా అమ్మ పోయిన వారంలోనూ ఒక్క సెకను తేడా రాయలేదు. నలభై రెండు నిమిషాలు ఆ పిల్ల కేకలు వింటూ, ముగింపు గీత దగ్గర లంగరేసిన పడవలో కూర్చున్నాను. వైర్‌లెస్‌లో పిలుస్తూనే ఉన్నాను. గరగరలో ఎవరిదో తెలియని గొంతు వస్తున్నాం అంటూనే ఉంది. ఆ నలభై రెండుని ఎవరో ఎనిమిది చేసి నా పేరు తగిలించారు. నీ మండలి కోసం కాదమ్మాయ్ నేను సంతకం పెట్టింది. నా కోసం పెట్టుకున్నాను.”

రేకుల మీద ఏదో పక్షి నడుస్తున్న చప్పుడు.

ఆ పుస్తకం తనకివ్వమని కోడలు అడిగింది. సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ తెరుస్తానంది. అత్తగారు తల అడ్డంగా ఊపి, పుస్తకం తీసుకుని సంచీలో పెట్టుకుంది. అది ఎన్నికల ప్రచారానికి పనికొచ్చే వస్తువు కాదంది. “నా పుస్తకం. నేనే తెరుస్తాను.”

*

మూడుంబావుకి ప్రెసిడెంటుగారు కారు తీశారు. ఆమె ఏమీ అనకుండా వెళ్లి పక్క సీటులో కూర్చుంది. దాన్ని ఆయన అంగీకారమనుకున్నారు. దారిలో గాలి మళ్లీ పడమటికి తిరిగిందన్నారు. రేవు రోడ్డు మళ్లీ తవ్వుతున్నారన్నారు. ఆమె ఊఁ కొట్టింది.

సమాఖ్య కార్యాలయం రేవు పక్కనే. కింద తాళ్లూ రంగులూ అమ్మే దుకాణం, పైన వీళ్లది. మెట్లెక్కుతుంటేనే వార్నిష్ వాసన. గోడల నిండా పాత ప్రెసిడెంట్ల ఫోటోలు, బీరువాలో మసిబారిన కప్పులు. ఎన్నికల అధికారి ఒక రిటైరైన హెడ్మాస్టరు. కాగితం ఇచ్చిన ప్రతివాళ్ల వంకా హోంవర్కు చూసినట్టు చూస్తాడు.

“సంతకం వెనక్కి తీసుకోవడానికి వచ్చారటగా,” అన్నాడాయన, కుర్చీ చూపించి.

“లేదండీ. ఇంకో కాగితం ఇవ్వడానికి వచ్చాను.”

ప్రెసిడెంటుగారు కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగారు.

ఆమె సంచీలోంచి నీలం పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, ఆ పేజీ తెరిచి, నివేదిక నకలు దాని పక్కన పరిచింది. రెండు అంకెలు. హెడ్మాస్టరు కళ్లద్దాలు సవరించుకుని ఇది చూశాడు, అది చూశాడు. తర్వాత ప్రెసిడెంటుగారి వంక చూడబోయి మానుకున్నాడు. తన పని ఎన్నికల వరకేనని, ఇలాంటి ఫిర్యాదులు కార్యవర్గానికి ఇవ్వాలని నసిగాడు.

“కార్యవర్గమంటే ఎవరండీ?”

హెడ్మాస్టరు బల్ల మీది ముద్రల డబ్బా పక్కకు జరిపాడు.

“నివేదిక మీద సంతకం పెట్టినాయనకే, ఆ నివేదిక తప్పని చెప్పుకోవాలి. అంతేనా?” ఆమె లేవలేదు. “నియమావళి నేనూ చదివానండీ. శాశ్వత సభ్యులెవరైనా సర్వసభ్య సమావేశంలో ప్రశ్న అడగొచ్చు. నామినేషన్ల గడువు ముగిసేలోగా రాసి ఎన్నికల అధికారికే ఇవ్వాలి. ఇచ్చాక ఆ ప్రశ్న సభలో చదివి తీరాలి. నేను శాశ్వత సభ్యురాలినే. అందరి సంతకాలకీ పనికొచ్చాను గానీ, ఇంతవరకూ ఒక్క ప్రశ్నా అడగలేదు.”

ఆమె అక్కడే, హెడ్మాస్టరు పెన్ను తీసుకుని రాసింది. రెండే వాక్యాలు. రెస్క్యూ బోటు రావడానికి నలభై రెండు నిమిషాలు పట్టింది. నా పేరు మీద ఎనిమిదని రాసినవారెవరు?

ప్రెసిడెంటుగారు వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించారు. ఇన్నేళ్లు కాపాడుకొచ్చిన ఇంటి పరువు ఒక్క కాగితంతో వీధిన పడెయ్యొద్దన్నారు. ఇంట్లో మాట్లాడుకుందామన్నారు. ఆ గొంతులో ఎప్పుడూ లేని బతిమాలుడు ఉంది. ఆమె అది గమనించింది. ఆ బతిమాలుడు పదవి కోసమేననుకుంది.

“మీ పరువుకి నా గడియారాన్ని తాకట్టు పెట్టారు. విడిపించుకుంటున్నాను.”

“నీకు తెలీదు,” అన్నారాయన.

“తెలియకపోతే చెప్పండి.”

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డారు. శుభ్రంగా ఉన్న అద్దాలనే మళ్లీ మళ్లీ తుడిచారు.

హెడ్మాస్టరు ముద్ర వేశాడు. మూడూ ముప్ఫై ఎనిమిది. అడిగినవారే స్వయంగా వెనక్కి తీసుకుంటే తప్ప ఈ ప్రశ్న సభలో చదవడం ఖాయమని, ఆ వెనక్కి తీసుకునే వీలు కూడా నాలుగింటి వరకేనని, బడిలో నోటీసు చదివినట్టు చదివాడు. ఆమె రసీదు మడిచి సంచీలో పెట్టుకుని లేచింది. కాళ్లు తేలికగా ఉన్నాయి. ఇంత తేలికగా ఎన్నేళ్లనుంచి లేవో ఆమెకే గుర్తు లేదు.

*

మెట్ల మలుపు దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. కింద దుకాణం ముందు స్కూటరు స్టాండు వెయ్యకుండానే గోడకు ఆనించి పైకి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. రొప్పుతున్నాడు.

“ఇచ్చేశావా అమ్మా?”

“ఇచ్చేశాను. సంతకమూ అలాగే ఉంది, ప్రశ్నా ఇచ్చాను. నీ ఉద్యోగం గురించి భయపడకురా. కొలవడం వచ్చినవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది.”

అతను గోడకు ఆనుకున్నాడు. జేబులోంచి టేపు తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

“ఆ నివేదిక టైపు చేసింది నేనమ్మా.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నాన్నగారు చెప్తే టైపు చేశావా అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

“ఎవరూ చెప్పలేదు. ఎనిమిదని నేనే కొట్టాను. రెస్క్యూ బోటుని వెనక్కి పిలిచింది నేను.”

ఆ తర్వాత అతను ఆగకుండా చెప్పాడు. ఆ రోజు మనుషులు చాలక రెస్క్యూ బోట్ల బాధ్యత కూడా తనకే అప్పగించారు. గెలిచిన ఒంటిపడవలను చీకటిపడకముందే కొలతల గట్టుకు లాక్కురావాలి. లాగడానికి బోటు లేదు. జంటపడవలు ఇంకా నీళ్లలో ఉన్నాయని తెలుసు. పది నిమిషాల పనే కదా అనుకుని ఉన్న ఒక్క బోటునీ రమ్మన్నాడు. వైర్‌లెస్‌లో ఆమె గొంతు వినిపించినప్పుడు వస్తున్నాం అన్నది కూడా తనే. కట్టిన తాళ్లు విప్పి బోటును మళ్లీ పంపేసరికి అంత ఆలస్యమైంది. నివేదిక రాసేటప్పుడు వేళ్లు ఆ అంకె కొట్టలేకపోయాయి. సంతకానికి తీసుకెళ్లినప్పుడు నాన్నగారు చదివి, అతని ముఖం కేసి చూసి, ఏమీ అడక్కుండా సంతకం పెట్టారు. ఆ మర్నాటి నుంచే జంటపడవల మండలిని రద్దు చేసే తీర్మానం ఎత్తుకున్నారు. మండలే లేకపోతే విచారణ అడిగేవాళ్లుండరు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అద్దాల తలుపు అవతల ప్రెసిడెంటుగారు వాళ్లిద్దరి వంకే చూస్తున్నారు. కళ్లద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. నీకు తెలీదు అన్న మాటకు అర్థం ఆమెకప్పుడు అందింది.

ఆమె రెయిలింగు పట్టుకుంది. వీడు ఒకటో తరగతిలో ఉండగా పలక పగలగొట్టి, తనే చేశానని ఏడుస్తూ వచ్చి చెప్పినవాడు. ఆ పిల్లాడు ఏ వయసులో ఎక్కడ ఆగిపోయాడో ఆమెకు తెలియలేదు.

“ఆమెకి తెలుసా?” అని అడిగింది. ఆమె అంటే కోడలని అతనికి తెలుసు.

“లేదు. రోజూ నా పక్కనే కూర్చుని ఆ పిల్ల కేసు కాగితాలు రాస్తుంది. స్పెల్లింగులు నన్నే అడుగుతుంది.” అతను టేపు చివర లాగి వదిలాడు. “నాలుగింటిదాకా టైముంది కదమ్మా. వెనక్కి తీసుకోవచ్చట కదా.”

ఆమె అతని ముఖంలోకి చూసింది.

“ఆ పిల్ల చేతికి కూడా నాలుగింటిదాకా గడువిస్తే బాగుండేది,” అంది.

“అమ్మా...”

“నేను నీ తల్లినేరా. రేపు అందరూ నీ మీదికొస్తే నీ పక్కన నిలబడేది నేనే. కానీ ఆ కాగితం మాత్రం వెనక్కి తీసుకోను. నువ్వు అడిగినా తీసుకోను, మీ నాన్న కాళ్లమీద పడినా తీసుకోను.”

కింద మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టూ వదిలేసి రెండేసి ఎక్కే ఆ నడక ఇంట్లో ఒక్కరిదే. కోడలు మలుపు తిరిగి పైకి వచ్చింది. మోచేతుల దాకా ఇంకా పడవ గ్రీజు ఉంది. భర్తను అక్కడ చూసి ఆశ్చర్యంగా నవ్వింది. అత్తగారి ముఖం చూసి, అతని గుప్పిట్లో నలుగుతున్న టేపు చూసి నవ్వు ఆపేసింది.

“ఏమైంది అత్తయ్యా? మామయ్యగారు ఏమైనా అన్నారా?”

అత్తగారు ఒక మెట్టు దిగి, ఆ ఇద్దరికీ మధ్య నుంచి పక్కకు తప్పుకుంది. కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

“చెప్పరా,” అంది.